మా అమ్మాయి ‘మైనారిటీ’ కిందకు వస్తుందా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. డిగ్రీ మూడో ఏడు. వచ్చే వేసవిలో మెడికల్ స్కూళ్లకు అప్లై చేస్తుంది. జీపీఏ 3.84, మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 513. మా చెల్లెలు న్యూజెర్సీ నుంచి రోజూ ఫోన్ చేసి, “మనవాళ్లని ఏషియన్ల లెక్కలో వేస్తారే, ఏషియన్లకి కటాఫ్ ఆకాశంలో ఉంటుంది, జాతి అడిగే చోట ‘అదర్’ అని టిక్ పెట్టించు, మావాడు అలాగే పెట్టాడు” అంటోంది. ఇంకో సంగతి. మావారిది గుంటూరు జిల్లాలో ఎస్సీ కుటుంబం. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుని పైకొచ్చారు. ఆయన కుల ధ్రువీకరణ పత్రం మా దగ్గర ఉంది. ఇక్కడ ‘అండర్‌రిప్రజెంటెడ్ మైనారిటీ’ (డాక్టర్లలో తక్కువగా ఉన్న వర్గం) అని ఒకటి ఉందటగా, మా అమ్మాయి దాని కిందకు వస్తుందా? పత్రాన్ని ఇంగ్లిషులోకి మార్పించి జత చేయొచ్చా? అమ్మాయి తన వ్యాసంలో వాళ్ల నాన్న హాస్టల్ రోజుల గురించి రాసింది. చదివి మేమిద్దరం ఏడ్చేశాం. కానీ మావారు “నా కులం ఊసు అందులో వద్దు” అంటున్నారు. వ్యాసం కూడా పంపుతున్నాను. మావారు సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నారు, సొంతిల్లుంది, అమ్మాయికి కారుంది. మిగతా విషయాల్లో మా అమ్మాయికి చెప్పుకోదగ్గ కష్టాలేం లేవు. మొన్న మా అత్తగారు వచ్చి ఆరు నెలలుంటే ఆమె మందుల గోలంతా అదే చూసుకుంది. ఒకే మందు రెండు పేర్లతో వేసుకుంటున్నారని కనిపెట్టింది కూడా. ఇలాంటివి రాయడానికి పనికిరావు కదా? – ఒక తల్లి, టెక్సాస్

జవాబు: అమ్మా,

రాదు. పత్రం జత చేసే చోటు ఆ అప్లికేషన్లో ఎక్కడా లేదు. ‘అదర్’ అని పెట్టించకండి. మీరు అడిగిన మూడింటికీ సమాధానాలు ఇవే. అయితే మీ చెల్లెలుగారి మాటలో కొంత నిజం ఉంది, కొంత కాకి లెక్క ఉంది. ఆ రెండూ విడదీసి చూడకపోతే ఈ ఏడాదంతా మీ ఇంట్లో టెన్షన్ తగ్గదు. ఇక చివర్లో మొహమాటపడుతూ అడిగారే, అత్తగారి మందుల సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చిన ముక్క అదే.

ముందు ఈ మైనారిటీ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే ఆయన అమెరికా, కెనడాల్లోని మెడికల్ కాలేజీలన్నీ తిరిగి ఒక నివేదిక ఇచ్చాడు. వైద్య విద్య బాగుపడటానికి అది ఎంతో చేసింది. కానీ అప్పటికి నల్లజాతివారి కోసం ఉన్న ఏడు కాలేజీల్లో రెండే నిలబెట్టుకోదగ్గవని అందులో రాశాడు. మిగతా ఐదూ తర్వాతి ఏళ్లలో మూతపడ్డాయి. వాషింగ్టన్‌లో హోవర్డ్, నాష్‌విల్‌లో మెహారీ మిగిలాయి. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ల కాలేజీలు వీళ్లను గడప తొక్కనిచ్చేవి కావు. అర శతాబ్దం పాటు దేశంలోని నల్లజాతి డాక్టర్లలో అత్యధికులు ఆ రెండు కాలేజీల నుంచే రావాల్సి వచ్చింది.

పౌరహక్కుల ఉద్యమం తర్వాత కాలేజీలు ఈ లోటును లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. మెడికల్ కాలేజీలన్నిటి సంఘం ఒకటుంది, ఏఏఎంసీ అంటారు. 2003 దాకా దాని జాబితాలో ఉన్నవి నాలుగు వర్గాలు: నల్లజాతివారు, మెక్సికన్ అమెరికన్లు, అమెరికా ప్రధాన భూభాగంలో ఉండే ప్యూర్టోరికో వాళ్లు, అలాస్కా, హవాయి ఆదివాసులతో కలిపి నేటివ్ అమెరికన్లు. అంతే. తర్వాత ఆ సంఘమే జాబితా పక్కన పెట్టి నిర్వచనం మార్చింది. జనాభాలో ఎంత శాతం ఉన్నారో డాక్టర్లలో అంతకంటే బాగా తక్కువ ఉన్న జాతులు, తెగలు ఏవైనా ఈ కోవలోకి వస్తాయని చెప్పింది. దాంతో ఏ కాలేజీకి ఆ కాలేజీ తన చుట్టుపక్కల జనాన్ని చూసుకునే వీలు కలిగింది. మిన్నెసోటాలో లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ ప్రజలు చాలామంది ఉన్నారు. అప్లికేషన్లో జాతి దగ్గర టిక్ పెట్టే పెట్టెలో వాళ్లూ ఏషియన్లే, మీ అమ్మాయీ ఏషియనే. కానీ హ్మాంగ్ భాష వచ్చిన డాక్టరు దొరకడం ఎంత కష్టమో, మీ ఇర్వింగ్‌లో తెలుగు డాక్టరు దొరకడం అంత సులువు.

మనం ఎందుకు రామో దీంతోనే తేలిపోతుంది. అమెరికా జనాభాలో భారతీయ మూలాలవాళ్లం ఒకటిన్నర శాతం దాకా ఉంటాం. ఏషియన్లందరినీ కలిపినా ఏడు శాతం దరిదాపుల్లోనే. అదే మెడికల్ విద్యార్థుల్లో చూస్తే ఏషియన్లు ఐదో వంతు మించి ఉన్నారు. జనాభాలో మనం చాలా తక్కువ, ఆస్పత్రుల్లో చాలా ఎక్కువ. అటు నల్లజాతివారు జనాభాలో 13 శాతం పైన ఉంటే 2018 లెక్కల ప్రకారం డాక్టర్లలో 5 శాతం. లాటినోలు జనాభాలో 18 శాతం ఉంటే డాక్టర్లలో 6 శాతం కూడా లేరు. ఇంకో అంకె చెబుతాను, మీ చెల్లెలుగారికి కూడా వినిపించండి. 1978లో మెడికల్ స్కూళ్లకు అప్లై చేసిన నల్లజాతి మగపిల్లలు 1,410 మంది. 2014లో 1,337 మంది. ముప్పై ఆరేళ్లలో దేశ జనాభా అంత పెరిగితే ఈ సంఖ్య తగ్గింది. మన సీటు వాళ్లు పట్టుకుపోతున్నారని మన పార్టీల్లో ప్లేట్లు పట్టుకుని మాట్లాడుకునేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ రెండు అంకెలే గుర్తొస్తాయి.

ఇక పత్రం సంగతి. మీరు అలా అడగడంలో తప్పేం లేదు. మన దగ్గర వ్యవస్థే పత్రం మీద నడుస్తుంది. తహసీల్దారు సంతకం ఉంటే నీట్ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో ఎస్సీలకు 15 శాతం సీట్లు విడిగా ఉంటాయి, ఎవరి వరస వారిది. అమెరికాలో సీట్లు అలా పక్కన పెట్టడం 1978లోనే ఆగిపోయింది. కాలిఫోర్నియాలో డేవిస్ అనే ఊళ్లోని మెడికల్ స్కూలు 100 సీట్లలో 16 మైనారిటీలకు కేటాయించింది. అలెన్ బాకీ అనే తెల్ల ఇంజినీరు ముప్పై దాటాక డాక్టరవ్వాలనుకుని 1973, 1974లలో రెండుసార్లు అక్కడ అప్లై చేశాడు. రెండుసార్లూ సీటు రాలేదు, కోర్టుకెళ్లాడు. సుప్రీంకోర్టు అతన్ని చేర్చుకోమంది, కోటా చెల్లదంది, అయితే జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడొచ్చని కూడా అంది. ఆ చివరి ముక్క మీదే తర్వాతి నలభై ఐదేళ్లు అడ్మిషన్లు నడిచాయి. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసులో ఆ ముక్క కూడా పోయింది. జాతిని చూసి సీటివ్వడం ఇప్పుడు చట్టవిరుద్ధం. దాని తర్వాత ఏఏఎంసీ అప్లికేషన్లోని జాతి వివరాలు కమిటీలకు కనబడకుండా చేసుకునే వీలు కల్పించింది. మీ టెక్సాస్‌లో 2024 జనవరి నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, అన్ని వర్గాలవాళ్లూ ఉండేలా చూసే డైవర్సిటీ ఆఫీసులే ఉండకూడదని చట్టం వచ్చింది. మెడికల్ కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థ కూడా తన నిబంధనల్లో ఉన్న డైవర్సిటీ అంశాన్ని 2025లో తీసేసింది. కాబట్టి మీరు నాతో చర్చిస్తున్న ఆ పెట్టెకు, మీ అమ్మాయి అప్లై చేసే నాటికి, మీరనుకున్నంత బలం లేదు. ఎవరికీ లేదు. 2024లో మెడికల్ స్కూళ్లలో కొత్తగా చేరిన నల్లజాతి విద్యార్థులు అంతకుముందటి ఏడాదికంటే 11 శాతం పైగా తగ్గారు.

మీ చెల్లెలుగారి మాటలో నిజం ఎక్కడుందంటే, చేరిన విద్యార్థుల సగటు మార్కులు ఏఏఎంసీ ఏటా జాతులవారీగా ప్రచురిస్తుంది. ఆ పట్టికల్లో ఏషియన్ల సగటు అందరికంటే పైన ఉంటుంది. అది చూసి మనవాళ్లు దాన్ని ‘కటాఫ్’ అనేస్తారు. మనకు ఎంసెట్ రోజుల నుంచి అలవాటైన ఆలోచన అది. ఇక్కడ జాతికొక కటాఫ్ అంటూ ఏదీ ఉండదు. అప్లై చేసిన ఏషియన్ల మార్కులే ఎక్కువ, కాబట్టి చేరినవాళ్ల సగటూ ఎక్కువ. అయితే ఒకే రకం అప్లికేషన్లు గుట్టగా వచ్చిపడినప్పుడు చదివేవాళ్లకు విసుగు పుట్టడం కూడా నిజమే. అడ్మిషన్ కమిటీలో కొన్నేళ్లు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: ల్యాబులో రీసెర్చి, ఆస్పత్రిలో వాలంటీరు పని, ఇండియాలో వేసవి సెలవుల్లో ఒక పల్లెటూరి మెడికల్ క్యాంపు, పక్కన కూచిపూడి. అన్నీ మంచివే. ఇరవయ్యో అప్లికేషన్ దగ్గరికొచ్చేసరికి ఎవరిది ఏదో గుర్తుండదు. ఆ నష్టం పిల్లల చర్మం రంగు వల్ల వచ్చింది కాదు. మనమందరం ఒకరి పిల్లల్ని చూసి ఒకరం ఒకే జాబితా రాసుకోవడం వల్ల వచ్చింది.

మార్కుల సంగతి అడగలేదు గానీ, చేరినవాళ్లందరి సగటు ఈ మధ్య ఎంక్యాట్‌లో 511, 512 దగ్గర, జీపీఏలో 3.8 దగ్గర ఉంటోంది. మీ అమ్మాయివి అంతకంటే మెరుగే. దేశం మొత్తం మీద అప్లై చేసినవాళ్లలో సగానికి పైగా మందికి ఆ ఏడు ఎక్కడా సీటు రాదన్నదీ గుర్తుంచుకోండి. అందులో అన్ని జాతులవాళ్లూ ఉంటారు.

‘అదర్’ గురించి రెండు ముక్కలు. ఇదే అప్లికేషన్లో పుట్టిన ఊరు, తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం, వచ్చిన భాషలు అన్నీ అడుగుతారు. పేరు చూసి, భాషల దగ్గర తెలుగు చూసి, ఆ పిల్ల ఎవరో చదివేవాళ్లకు తెలియకపోతుందా? జాతి చెప్పడం ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయొచ్చు, దానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. తప్పు రాస్తే మాత్రం ఏఏఎంసీ విచారణ జరిపి, అప్లై చేసిన స్కూళ్లకు చెప్పొచ్చు. 1990ల చివర్లో ఒక భారతీయ అమెరికన్ యువకుడు గుండు చేయించుకుని, నల్లజాతివాడినని చెప్పుకుని అప్లై చేశాడు, ఒక చోట సీటు కూడా వచ్చింది. చదువు పూర్తి చేయలేదు. 2015లో తనే ఆ సంగతి బయటపెట్టుకున్నాడు, సొంత కుటుంబం నుంచే చీవాట్లు తిన్నాడు. మీ చెల్లెలుగారబ్బాయి చేసింది అంత పెద్ద పనేం కాదు, కానీ దానివల్ల అతనికి ఒరిగింది కూడా ఏమీ ఉండదు.

ఇప్పుడు కులం. ఇది సున్నితమైన విషయం, నిదానంగా చెబుతాను. అమెరికాలో కులాన్ని గుర్తించాలన్న పోరాటం ఈ మధ్యే ఊపందుకుంది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులాన్ని చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే పాస్ చేస్తే గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబరులో వెనక్కి పంపేశాడు. అయితే ఇవన్నీ వివక్ష చూపించొద్దని చెప్పేవి. సీటు దగ్గర లెక్కలోకి తీసుకోమని చెప్పేవి కావు. పైగా అమెరికా జనగణనలో కులం అడగరు. జనాభాలో ఎందరున్నారో తెలియకుండా డాక్టర్లలో తక్కువున్నారని ఎలా తేలుస్తారు? మనం మాట్లాడుకునే ఆ నిర్వచనంలోకి కులం వచ్చే దారి లేదు. నన్నడిగితే, అమెరికాలో ఉన్న తెలుగు డాక్టర్లలో దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది అని మనమే ఒకసారి చుట్టూ చూసుకోవాలి. మన సంఘాల సభల్లో వేదిక మీద కూర్చునేవాళ్ల ఇంటిపేర్లు చదివితే చాలు. ఆ లోటు నిజమైనదే, దాన్ని కొలిచే పట్టిక ఇక్కడ లేదు, అంతే.

మీవారు వద్దన్నారు కదా. ఆయన మాటను కాదనకండి. ఆ జీవితం ఆయనది. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో ఆయన ఇష్టం. వ్యాసం ఒకసారి వెళ్లిందంటే ఎంతమంది చదువుతారో మన చేతిలో ఉండదు. చదివేవాళ్లలో, ఇంటర్వ్యూ చేసేవాళ్లలో మన దేశంవాళ్లు కూడా ఉంటారు. వాళ్లందరూ మంచివాళ్లే అయి ఉండొచ్చు, అయినా ఆ జంకు ఎందుకుంటుందో మీ ఇంట్లో నేను చెప్పాల్సిన పని లేదు.

ఒక్కటి మాత్రం అమ్మాయిని అడగండి. నాన్న కథ వదిలేసి, ఇది తన జీవితంలోకి ఎప్పుడైనా వచ్చిందా? మన పుట్టినరోజు పార్టీల్లో ఎవరో ఆంటీ నవ్వుతూ పలకరించి “మీ ఇంటిపేరేంటమ్మా, మీదే ఊరు, ఊళ్లో ఎక్కడ” అని మూడో ప్రశ్న దాకా వెళ్తుంది. అప్పుడు అమ్మ గబుక్కున మాట మార్చేస్తుంది. పక్కన నిలబడ్డ పిల్లకు ఆ తొందర ఎందుకో పదో ఏట అర్థం కాదు, పదిహేనో ఏట అర్థమవుతుంది. అలాంటిది జరిగి ఉండి, తనకు రాయాలనిపించి, నాన్న ఒప్పుకుంటే, అది తన కథే. 2023 తీర్పులోనే ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒక వెసులుబాటు ఉంచాడు: జాతి తన బతుకును ఎలా మార్చిందో విద్యార్థి రాసుకుంటే విశ్వవిద్యాలయాలు దాన్ని చదవొచ్చు, అయితే ఆ మనిషి ధైర్యానికో పట్టుదలకో విలువ కట్టాలి గానీ జాతికి కాదు అని. కులం గురించి రాసినా చదివేవాళ్లు అలాగే చూస్తారు. జరగకపోతే లేనిది తెచ్చి రాయొద్దు.

వ్యాసం చదివాను. బాగా రాసింది పిల్ల. హాస్టల్లో రాత్రిపూట నీళ్ల సాంబారు, అందరి ట్రంకు పెట్టెలూ ఒకేలా ఉండటం వల్ల తన పెట్టె మీద మేకుతో పేరు గీసుకోవడం, సెలవులకు ఇంటికెళ్లడానికి బస్సు చార్జీ లేక వార్డెన్ గారింట్లో పని చేయడం. మీరిద్దరూ ఏడ్చారంటే ఆశ్చర్యం లేదు, నాకూ గొంతు పట్టేసింది. కానీ అది చదివిన కమిటీ “ఈ నాన్నకు సీటిచ్చేద్దాం” అనుకుంటుంది. అమ్మాయి ఆ వ్యాసంలోకి వచ్చేసరికి చివరి పేరా అయిపోవస్తోంది. వచ్చి ఏం చేస్తోంది? ‘నాన్న త్యాగం నాకు స్ఫూర్తి’ అంటోంది. ఏఏఎంసీ అప్లికేషన్లో పెద్ద వ్యాసానికి 5,300 అక్షరాలే ఇస్తారు, ఖాళీలతో సహా. అందులో నాలుగు వేలకు పైగా ఇంకొకరి బాల్యానికి ఖర్చుపెట్టేసింది.

‘అడ్డంకులు ఏమైనా దాటావా’ అని అడిగే చిన్న వ్యాసం కూడా ఒకటుంది, 1,325 అక్షరాలు. ఆర్థిక ఇబ్బంది, చదువుకోని కుటుంబం, డాక్టర్లు లేని ఊళ్లో పెరగడం, ఇలాంటివాటికి ఉద్దేశించింది. అందరూ రాయాలని లేదు. మీవారు సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నారు, సొంతిల్లుంది, అమ్మాయికి కారుంది అని మీరే రాశారు. దాన్ని ఖాళీగా వదిలేయమనండి. అమెరికాలో మెడికల్ స్కూళ్లలో చేరేవాళ్లు నలుగురిలో దాదాపు ముగ్గురు ఆదాయంలో పై 40 శాతం కుటుంబాల పిల్లలే, మీరూ అందులోనే ఉన్నారు. ఇందాక చెప్పిన డేవిస్ స్కూలే ఇప్పుడు జాతి చూడకుండా, కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు లాంటివి చూసి 0 నుంచి 99 దాకా కష్టాలకు మార్కులేస్తుంది. మీవారి చిన్నప్పుడు ఆ కొలత ఉంటే ఆయనకు తొంభై దాటేవి. మీ అమ్మాయికి సున్నా పక్కన ఎంతో కొంత. అది ఆయన సాధించిన విజయమే గదా, దాన్ని పిల్ల లోటుగా ఎందుకు చూడాలి?

ఇప్పుడు మీ అత్తగారి మందులు. మీరు ఒక వాక్యంలో తేల్చేశారు గానీ, అలాంటివి నా దగ్గరికి వచ్చే పేషంట్లలో చూస్తుంటాను కాబట్టి ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. ఆరు నెలల మందులు ఒక స్టీలు డబ్బాలో పోసి తెచ్చుకుంటారు. స్ట్రిప్పులు సగానికి కత్తిరించి ఉంటాయి. పేరున్న ముక్క మెడికల్ షాపులోనే ఉండిపోతుంది, మనకు ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క వస్తుంది. “తెల్ల మాత్ర పొద్దున, గులాబీది రాత్రి” అంటారు పెద్దావిడ. ఊళ్లో ఒక డాక్టరు టెల్మా రాశాడు, టౌన్లో ఇంకో డాక్టరు టెల్మికైండ్ రాశాడు. పేర్లు వేరు, కంపెనీలు వేరు, లోపల ఉన్నది ఒకటే, టెల్మిసార్టాన్. రెండూ వేసుకుంటే బీపీ మరీ పడిపోయి, మంచం మీంచి లేవగానే తల తిరుగుతుంది. వయసైపోయిందనుకుంటారు ఇంట్లోవాళ్లు. నానమ్మకేమో ఇంగ్లిషు రాదు, విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు సరిగ్గా పనిచేయదు, ఇక్కడి డాక్టరుకు ఆ పేర్లు కంప్యూటర్లో దొరకవు.

మీ ఇంట్లో ఏ మందులో నాకు తెలియదు గానీ, ఒక ఇరవై ఏళ్ల పిల్ల వీటన్నిటి మధ్యా కూర్చుని రెండు స్ట్రిప్పుల వెనక సన్న అక్షరాలు చదివి, రెండూ ఒకటేనని పట్టుకుంది. అమ్మా, దీన్ని మీరు ‘పనికిరాదు కదా’ అని అడుగుతున్నారు! ఆ రోజు ఏం జరిగిందో అలాగే రాయమనండి. మొదట ఏ మందు పేరు వెతికింది, ఎక్కడ అనుమానం వచ్చింది, నానమ్మ ఏమంది. ముఖ్యంగా, తనే మందు ఆపేసిందా, లేక డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించి అడిగిందా అన్నది దాచకుండా రాయాలి. అడిగి ఉంటే అదే ఆమె గురించి చెప్పే పెద్ద మాట. తనే ఆపేసి ఉంటే, ఆ తర్వాత ఏం తెలుసుకుందో రాయాలి. స్ఫూర్తి, త్యాగం, సేవ అన్న మాటలు ఒక్కటి కూడా అక్కర్లేదు. ఇంకా కుదిరితే, ఇర్వింగ్‌లో ఇలా వచ్చి వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు వందల్లో ఉంటారు. మీ తెలుగు సంఘం వాళ్లు ఉచిత వైద్య శిబిరం ఎప్పుడైనా పెడితే, ఒక బల్ల దగ్గర కూర్చుని మందుల డబ్బాలు చూసి అసలు పేర్లు రాసిపెట్టే పని, అక్కడి డాక్టరు పర్యవేక్షణలో, మొదలుపెట్టమనండి. అప్లికేషన్ కోసం కాదు అనను. అప్లికేషన్ కోసమే మొదలైనా ఆ పెద్దవాళ్లకు జరిగే మేలు తగ్గదు.

కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో చేసిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. నల్లజాతి మగవాళ్లను కొందరిని నల్లజాతి డాక్టర్ల దగ్గరికీ, కొందరిని ఇతర డాక్టర్ల దగ్గరికీ చీటీ వేసినట్టు పంపారు. తమవాడైన డాక్టరును చూసినవాళ్లు షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలకు ఎక్కువగా ఒప్పుకున్నారు. మీ అత్తగారు ఆ డబ్బా మనవరాలి ముందు బోర్లించారు, అదే అర్జంట్ కేర్‌లో అడిగితే “రెండు మాత్రలేనండీ” అని ఊరుకునేవారు. డాక్టర్లలో ఎవరున్నారో లెక్కలు ఎందుకు తీస్తారని మీ అమ్మాయి అడిగితే ఇది చెప్పండి, తొందరగా అర్థమవుతుంది. భాషల దగ్గర తెలుగు తప్పకుండా రాయమనండి. ఎంత బాగా వచ్చో స్థాయి కూడా అడుగుతారు, నానమ్మతో మందుల గురించి మాట్లాడగలిగిందంటే ధైర్యంగా మంచి స్థాయే పెట్టుకోవచ్చు. ఇంటర్వ్యూలో ఎవరైనా తెలుగులో పలకరిస్తే నీళ్లు నమలకుండా ఉంటే చాలు.

ఈ ఉత్తరం చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక పక్కమాట. పిల్లలు హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉంటే మీకున్న గోడ ఈ మైనారిటీ లెక్క కాదు. చాలా మెడికల్ స్కూళ్లు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుంటాయి, 21 నిండితే ఆ వీసా కూడా పోతుంది. అలాంటి పిల్లలు స్కూళ్ల జాబితా వేసుకునేటప్పుడు ప్రతి స్కూలు నిబంధనా విడిగా చూసుకోవాలి. ఇండియాకి పంపితే నయమా అని అడిగేవాళ్లకు మరోసారి రాస్తాను.

మీ విషయానికొస్తే, టెక్సాస్‌లో ఉండటమే మీ అమ్మాయికి అన్నిటికంటే పెద్ద బలం. అక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో బయటి రాష్ట్రాలవాళ్లు 10 శాతం మించకూడదని చట్టం. ఫీజు కూడా వేరే రాష్ట్రాలతో పోలిస్తే తక్కువ. దానికి అప్లికేషన్ వేరు, టీఎండీఎస్‌ఏఎస్ అంటారు, మేలో తెరుస్తారు. మిగతా రాష్ట్రాలకు ఏఏఎంసీ వాళ్ల ఆమ్‌కాస్. ఎండీ బదులు ఆస్టియోపతిక్ డిగ్రీ ఇచ్చే డీఓ స్కూళ్లు కూడా నాలుగైదు పెట్టుకోమనండి. ఆ పేరు వినగానే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు గానీ, వాళ్లూ పూర్తి స్థాయి డాక్టర్లే, రెసిడెన్సీ అందరితో కలిసే చేస్తారు. మీ ఊళ్లో మీరు చూపించుకునే డాక్టరు డీఓ అయి ఉండొచ్చు, బోర్డు చూడండి. సిఫారసు ఉత్తరాలు ఏప్రిల్ కల్లా అడిగి పెట్టుకోవాలి, ప్రొఫెసర్లు సెలవుల్లోకి వెళ్లిపోతే దొరకరు. అప్లికేషన్ తెరిచిన మొదటి రెండు మూడు వారాల్లో పంపేయాలి. సీట్లు వచ్చినవాళ్లకు వచ్చినట్టు నిండిపోతుంటాయి కాబట్టి ఆగస్టులో పంపిన మంచి అప్లికేషన్‌కంటే జూన్‌లో పంపిన మామూలుది నయం. ఆ తర్వాత ఒక్కో స్కూలు విడిగా పంపే సెకండరీ ప్రశ్నలు వచ్చాక రెండు వారాల్లో తిరిగి పంపాలి. ఇవన్నీ అమ్మాయే చూసుకోవాలి, మీరు కాదు. వ్యాసం రెండోసారి రాశాక నాకు పంపాలనిపిస్తే, తననే పంపమనండి.